కాకినాడ నుంచి పోర్ట్ లూయీకి తెరచాప పడవ: మారిషస్ ప్రవేశ కాగితాలు, కస్టమ్స్ తనిఖీ

యానాం_రేవు
అందరికీ నమస్కారమండి. 12 మీటర్ల తెరచాప పడవ, భారత జెండా. మనుషులు నలుగురు, అందరివీ భారత పాస్‌పోర్టులే. ఓనరు గారు పడవలో ఉండరు. ఫిబ్రవరి చివర్లో కాకినాడలో బయల్దేరి శ్రీలంకలో గాలే, తర్వాత మాల్దీవుల్లో గాన్, ఆఖరికి మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ. మారిషస్‌లో దిగాలంటే ఏ కాగితాలు చూపించాలి, పడవెక్కి ఎవరెవరు చూస్తారు, వంటసామాన్లలో ఏవి ఇక్కడే వదిలేయాలి? పడవలో ఒక కుక్క కూడా ఉంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

కోరంగి_లంగరు
యానాం_రేవు గారూ, మారిషస్ ప్రధాన ద్వీపంలో బయటి దేశం నుంచి వచ్చే పడవలకి పోర్ట్ లూయీ ఒక్కటే ప్రవేశ రేవు. రోడ్రిగ్స్ దీవిలో పోర్ట్ మాథురిన్‌లో కూడా క్లియరెన్స్ (ప్రవేశ అనుమతి) ఇస్తారు గానీ అది మీ దారికి బాగా తూర్పున, గాలికి ఎదురు. దాన్ని మర్చిపోండి. మీరు ఉత్తరం వైపు నుంచి వస్తారు కాబట్టి రౌండ్ ఐలండ్, కోయిన్ దె మీర్, ఆ వెనక గ్రాండ్ బే ముందుగా కనిపిస్తాయి. ఎంత అలిసిపోయినా అక్కడ లంగరు వేయొద్దు. క్లియరెన్స్ అవకుండా ఇంకోచోట ఆగడమంటే అక్రమంగా దేశంలోకి వచ్చినట్టే లెక్క.

తీరానికి 12 మైళ్ల హద్దులోకి రాకముందే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో పోర్ట్ లూయీ హార్బర్ రేడియోని పిలవండి. పడవ పేరు, జెండా, ఎంఎంఎస్‌ఐ నంబరు (పడవ రేడియోకి ఇచ్చే తొమ్మిది అంకెల గుర్తింపు), ఎంతమంది ఉన్నారు, ఆఖరి రేవు ఏది, ఎన్ని గంటలకి చేరతారు అని అడుగుతారు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి రేడియో పక్కన అంటించుకోండి. మన ఎంఎంఎస్‌ఐ 419తో మొదలవుతుంది, అంకెలు విడివిడిగా చదవాలి. పసుపు క్యూ జెండా (క్లియరెన్స్ అడుగుతున్నామని చెప్పే జెండా) కుడివైపు స్ప్రెడరు (స్తంభానికి ఉండే అడ్డబద్ద) కింద ఎగరేయండి. మారిషస్ జెండా క్లియరెన్స్ అయ్యాక. పైనుంచి కిందికి ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. తలకిందులుగా కట్టారంటే అధికారులు అక్కడే ఆపి సరిచేయిస్తారు.

కాడన్ వాటర్‌ఫ్రంట్ పక్కన కస్టమ్స్ గట్టుకి పడవ కట్టాక ముందు ఆరోగ్యశాఖ వాళ్లు వస్తారు. ఆ తర్వాత కోస్ట్ గార్డ్, కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్. ఆరోగ్యశాఖ సరేనన్నదాకా ఎవరూ గట్టు మీద కాలు పెట్టకూడదు. తాడు అందుకోవడానికి కూడా దిగొద్దు, గట్టు మీద ఉన్నవాళ్లకి విసరండి. చెత్త సంచి కూడా వాళ్లు చెప్పేదాకా పడవలోనే.

పోర్టాఫీసు_వీధి
కాగితాల సంగతి నేను చెప్తాను. మారిషస్‌లో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం కాకినాడలోనే పుడతాయి.

పోర్ట్ క్లియరెన్స్ (రేవు వదిలేటప్పుడు ఇచ్చే అనుమతి కాగితం) ఎప్పుడూ "తర్వాతి రేవు" పేరుమీదే ఇస్తారు. కాకినాడ కాగితం మీద గాలే, గాలే కాగితం మీద గాన్, గాన్ కాగితం మీద పోర్ట్ లూయీ. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా తర్వాతి దేశం అడుగుతుంది. గాలేలో "గాన్" అని రాయించుకుని, గాలి బాగుందని నేరుగా పోర్ట్ లూయీ వెళ్లిపోయారనుకోండి, మీ చేతిలో ఉన్న కాగితం వేరే దేశానిది. దారి మారే వీలుంటే గాలేలో ఉండగానే నిర్ణయించుకుని ఆ పేరే రాయించుకోండి.

మన వైపు: 1962 నాటి కస్టమ్స్ చట్టం సెక్షన్ 42 ప్రకారం అధికారి రాతపూర్వక ఆజ్ఞ లేకుండా ఏ ఓడా రేవు వదలకూడదు. పెద్ద ఓడకైనా మీ పడవకైనా ఒకటే నిబంధన. కాకినాడ యాంకరేజి రేవులో ఏజెంట్లు బియ్యం ఓడలకి అలవాటుపడ్డవాళ్లు, యాట్ (మీలాంటి విహార పడవ) అరుదుగా వస్తుంది. కనీసం మూడు వారాల ముందు కాగితాలన్నీ వాళ్ల చేతిలో పెట్టండి. పాస్‌పోర్టుల మీద ఇమ్మిగ్రేషన్ ఎగ్జిట్ ముద్ర పడ్డాకే బయల్దేరండి. అది లేకపోతే అవతలి దేశంలో ఎంట్రీ ముద్రకి ఆధారం ఉండదు.

వెంట ఉండాల్సినవి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అసలుది (ఫోన్లో ఫోటో పనికిరాదు), రేడియో లైసెన్సు, ఇన్సూరెన్సు, సిబ్బంది జాబితా, స్టోర్స్ (పడవలో వాడుకునే సరుకుల) జాబితా, ఆఖరి రేవు క్లియరెన్సు. సిబ్బంది జాబితా పది ప్రతులు తీసి పెట్టుకోండి, నాలుగు కార్యాలయాలూ తలా ఒకటి రెండు ఉంచేసుకుంటాయి. పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, రిజిస్ట్రీ రేవు ఉన్న రబ్బరు స్టాంపు చేయించండి. కాకినాడలో ఏ స్టాంపుల దుకాణంలోనైనా చేస్తారు. దాంతో పనేముందిలే అనుకుంటారు గానీ ప్రతి కౌంటర్లోనూ ముద్ర అడుగుతారు.

ఇన్సూరెన్సు పాలసీలో ప్రయాణ పరిధి చదవండి. మన దగ్గర తీసుకునే చాలా పాలసీలు భారత తీరానికే పరిమితం. పరిధి పెంచుతూ కంపెనీ ఇచ్చిన ఎండార్స్‌మెంట్ (పాలసీకి చేర్చే సవరణ) కాగితం ఉండాలి.

గోదారి_గట్టు
పోర్టాఫీసు_వీధి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మనవాళ్ల పేర్లతో వచ్చే తంటా ఇది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరంతా గివెన్ నేమ్‌లో ఉన్నవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. ఇంకొందరికి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. సిబ్బంది జాబితాలో మాత్రం అలవాటుగా ఇంటిపేరు పూర్తిగా రాసేస్తారు. ఇమ్మిగ్రేషన్ వాళ్ల కంప్యూటర్లో ఆ రెండూ వేర్వేరు మనుషులు. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి చూడండి, జాబితాలో పేరు సరిగ్గా వాటిలాగే ఉండాలి. పుట్టినతేదీ కూడా పదో తరగతి సర్టిఫికెట్‌లోది కాదు, పాస్‌పోర్టులోదే.

ఓనరు లేడన్నారు కదా. ఆయన ఇచ్చే అధికారపత్రంలో పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, కెప్టెన్ పాస్‌పోర్టు నంబరు, వెళ్లే దేశాలు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, కస్టమ్స్ కాగితాల మీద సంతకం చేసే అధికారం - అన్నీ ఉండాలి. నోటరీ చేయించి, విదేశాంగ శాఖ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) కూడా వేయించండి. భారత్, మారిషస్ రెండూ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి అక్కడ మళ్లీ ధ్రువీకరణ అడగరు. ఈ కాగితం లేకపోతే వేరేవాళ్ల పడవని అమ్మడానికి తెచ్చారేమోనని అనుమానం వస్తుంది, దిగుమతి సుంకం ప్రశ్న లేస్తుంది.

కోనసీమ_కొబ్బరి
వంటసామాన్ల గురించి అడిగారుగా. మారిషస్ చెరకు దేశం. చెరకు గడ, కణుపు, ఆకు ఏ రూపంలోనైనా నిషేధం. మొక్కలు, విత్తనాలు, పళ్లు, పచ్చి ఆకులు వ్యవసాయశాఖ అనుమతి లేకుండా దింపకూడదు. అంటే కరివేపాకు రెమ్మలు, తమలపాకులు, మావిడాకుల తోరణం, పీచుతో ఉన్న కొబ్బరికాయలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కోనసీమ నుంచి బోండాల గెల ఎక్కించుకుంటే గాన్ దాటాక తాగేయండి, డొప్పలు నడిసముద్రంలోనే వదిలేయండి. తీరానికి 12 మైళ్ల లోపల వదలకూడదు.

బియ్యం, కందిపప్పు, ఎండుమిరప పడవలో వాడుకునే స్టోర్స్‌గా రాస్తే సరిపోతుంది. చూడాల్సింది పురుగు. ఫిబ్రవరిలో నింపిన బియ్యం మే నెలకి ముక్కుపురుగు పట్టేస్తుంది. సంచిలో పురుగు కనిపిస్తే మొత్తం సీల్ చేస్తారు, లేదా తీసుకెళ్లి నాశనం చేస్తారు. ఐదేసి కిలోల గాలి చొరని డబ్బాల్లో వేయండి, ఎండలో కాదు, గ్యాస్ పొయ్యి మీద కొంచెం వేడిచేసి చల్లారాక. గోనెసంచులు వద్దు.

ఆవకాయ, మాగాయ నూనెలో ఊరినవి కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండదు, కానీ జాబితాలో "మామిడి పచ్చడి, 3 కిలోలు" అని రాయాలి. మాంసం, కోడిగుడ్లు, పాలపదార్థాలు వేరే వరసలో రాయండి, వాటినే ముందు చూస్తారు. ఎండుచేపలు, రొయ్యపొట్టు గాన్ దాటేసరికి అయిపోయేంతే పెట్టుకోండి. రాయకుండా దొరికినదానికి జరిమానా పడుతుంది. రాసినదానికి మహా అయితే ఆ వస్తువు పోతుంది.

పోర్టాఫీసు_వీధి
పొగాకు, మందు కూడా చెప్పాలి. మనిషికి సుంకం లేకుండా పొగాకు 250 గ్రాములు, స్పిరిట్ (విస్కీ, రమ్ లాంటివి) ఒక లీటరు, వైన్ లేదా బీరు రెండు లీటర్లు. మన గోదావరి లంకల పొగాకు చుట్టలు కూడా ఆ 250 గ్రాముల్లోనే తూకం వేస్తారు. అంతకుమించి ఉన్నది పడవలోనే ఒక అరలో పెట్టి సీల్ వేస్తారు. ఆ సీల్ మీరు వెళ్లిపోయేదాకా అలాగే ఉండాలి. అందుకని తాళం పడే అర ఒకటి ముందే ఖాళీగా ఉంచండి. సిగరెట్ చుట్టుకునే కాగితాలు మాత్రం నిషేధం, ఒక్క ప్యాకెట్ కూడా ఉంచుకోవద్దు.

చేపల తుపాకీ (నీళ్లలో చేపని పొడిచేది) మారిషస్‌లో నిషేధిత వస్తువు. మాల్దీవుల్లోనూ అంతే. పడవతో పాటు వచ్చిందని అరలో మూలన ఉంటుంది, అందరూ మర్చిపోతారు. కాకినాడలోనే దించేయండి. గవ్వలు, పగడపు ముక్కలు కూడా ఏరుకోవద్దు.

యానాం_రేవు
చాలా ఉపయోగపడుతున్నాయండి. కుక్క గురించి ఎవరూ చెప్పలేదు. మందుల పెట్టెలో ట్రామడాల్ కూడా ఉంది, దానికేమైనా ఉందా? ఇంకొకటి. పడవలో చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం ఉంది, మాల్దీవుల్లో ఇబ్బంది అవుతుందని విన్నాను.

రామచంద్రపురం_పశువైద్యం
కుక్కని ఇంట్లో వదిలేయండి. గట్టిగానే చెప్తున్నాను, ఆ జంతువు మేలు కోరి. మారిషస్‌లో రేబిస్ లేదు. మన దేశంలో ఉంది. అందుకే దిగుమతి అనుమతి, టీకా పత్రాలు, రక్తపరీక్ష, క్వారంటైన్ వరసగా అడుగుతారు. అవి లేకపోతే రేవులో ఉన్నన్నాళ్లూ పడవ దిగకూడదు, కెప్టెన్ పూచీ రాసివ్వాలి. మాల్దీవుల్లోకైతే కుక్కని తేవడమే నిషేధం. నడిసముద్రంలో పన్నెండు రోజులు, ఆ తర్వాత రేవులో ఎండకి కేబిన్‌లో బందీగా. డెక్ మీద నుంచి గట్టు మీదికి ఒక్క గెంతు గెంతినా అది వ్యాధి నియంత్రణ ఉల్లంఘనే. టీకా వేయించాను కదా అన్న మాట అక్కడ చెల్లదు.

ఉప్పాడ_కెరటం
మందుల సంగతి. ట్రామడాల్, కోడీన్ ఉన్న దగ్గుమందు, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ - మారిషస్‌లో ఇవన్నీ నియంత్రిత మందులు. డాక్టరు చీటీ ఒక్కటే చాలదు, ఆరోగ్యశాఖ నుంచి ముందే అనుమతి తెప్పించుకోవాలి. దూరప్రయాణం పడవల్లో నొప్పిమందు తప్పనిసరి కాబట్టి మానేయమనను. మొత్తం పెట్టెకి ఒక జాబితా చేయండి: మందు జెనెరిక్ పేరు (బ్రాండు పేరు అక్కడ తెలియదు), ఎన్ని మాత్రలు, గడువు తేదీ. కింద డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు. నియంత్రిత మందుల్ని వేరే డబ్బాలో పెట్టి కస్టమ్స్ రాగానే మీరే చేతికివ్వండి. అడగకముందే ఇచ్చినదాన్ని సీల్ చేసి వదిలేస్తారు. వాళ్లే వెతికి పట్టుకుంటే అది మత్తుమందు కేసు, ఆ దేశం అందులో చాలా కఠినం.

ఇంకోటి, మనవైపు వాళ్లకి ముఖ్యం. మలేరియా ఉన్న దేశాల నుంచి వచ్చేవాళ్ల మీద మారిషస్ ఆరోగ్యశాఖ నిఘా ఉంచుతుంది. బస చిరునామా రాసుకుంటారు, రక్తం నమూనా తీసుకోవచ్చు, తర్వాత మళ్లీ రావచ్చు. దారిలో ఎవరికైనా జ్వరం వస్తే లాగ్‌బుక్‌లో తేదీ, ఉష్ణోగ్రత రాయండి. దాచొద్దు. వాళ్లు ఎన్నో ఏళ్లు కష్టపడి మలేరియాని వెళ్లగొట్టుకున్నారు, ఆ జాగ్రత్తని మనం గౌరవించాలి.

గోదారి_గట్టు
విగ్రహం గురించి. పూజ కోసం విగ్రహాలు తేవడం మాల్దీవుల చట్టంలో నిషేధం. ఊరికే చెప్పుకునే మాట కాదు, కస్టమ్స్ నిషేధిత జాబితాలో ఉంది. స్వామిని ఇంట్లో ఉంచి బయల్దేరడం ఒక దారి. లేదా గాన్ మానేసి గాలే నుంచి నేరుగా పోర్ట్ లూయీ. పటం లాంటిది పడవలో బిగించి ఉంటే ఏజెంటుకి ముందే రాసి అడగండి. మాల్దీవుల్లో పడవలకి ఏజెంటు తప్పనిసరి కాబట్టి అడగడానికి మనిషి ఉంటాడు. చేరే ముందు 96 గంటల లోపల ఇముగా అనే ఆన్‌లైన్ ఫారం ప్రతి ఒక్కరూ నింపాలి, సముద్రంలో ఇంటర్నెట్ లేకపోతే ఏజెంటుతో ముందే మాట్లాడుకోండి. మద్యం సీసాలు అక్కడ సీల్ వేసి ఉంచుతారు, వెళ్లేటప్పుడు లెక్క సరిపోవాలి. పందిమాంసం డబ్బాలుంటే గాలేలోనే ఖాళీ చేయండి.

గాలేలోనూ ఏజెంటు తప్పదు. ఈటీఏ (శ్రీలంక ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) అందరికీ ముందే తీసుకోండి. నేవీ వాళ్లు బయటే పడవెక్కి చూస్తారు, కాబట్టి పగటివేళ చేరేలా లెక్కేసుకోండి.

తాళ్లరేవు_సరంగు
దూరాలు, కాలం లెక్క చెప్తాను, ఎందుకంటే కాగితాల తేదీలన్నీ దీనిమీదే ఆధారపడతాయి. గాలే నుంచి గాన్ సుమారు 590 నాటికల్ మైళ్లు. గాన్ నుంచి పోర్ట్ లూయీ సుమారు 1,480. గాలే నుంచి నేరుగా అయితే సుమారు 2,070. మీ పడవకి రోజుకి 120 మైళ్లు వేసుకుంటే గాన్ తర్వాత పన్నెండు పదమూడు రోజులు. నీళ్లు 18 రోజులకి లెక్కేయండి: నలుగురికి తలా 5 లీటర్ల చొప్పున 360 లీటర్లు, రెండు వేర్వేరు ట్యాంకుల్లో. ఇంజను గంటకి 3 లీటర్లు తాగితే గాలి పడిపోయే భూమధ్యరేఖ పట్టీలో మూడు రోజులు నడపడానికి 216 లీటర్ల డీజిల్ కావాలి. అదనపు క్యాన్లు కూడా స్టోర్స్ జాబితాలో లీటర్లతో రాయాలి.

ఫిబ్రవరి చివర బయల్దేరడం మంచిదే. బంగాళాఖాతం ఫిబ్రవరి, మార్చిలో ప్రశాంతంగా ఉంటుంది, ఏప్రిల్ నుంచి తుపానుల భయం. కానీ మారిషస్ దగ్గర తుపానుల కాలం మే 15 దాకా. కాబట్టి గాలేలోనో గాన్‌లోనో ఆగాల్సొస్తుంది, ఆ మేరకు వీసా గడువు, మాల్దీవుల క్రూజింగ్ పర్మిట్ (ఆ నీళ్లలో పడవ తిప్పుకునే అనుమతి) చూసుకోండి. మే నెలలో ఆగ్నేయపు గాలి స్థిరపడ్డాక మీ దారికి గాలి పక్కవాటుగా తగులుతుంది, పడవ హాయిగా నడుస్తుంది. జులై, ఆగస్టుల్లో అదే గాలి గట్టిగా వీస్తుంది.

దారిలో మూడుచోట్ల జాగ్రత్త. గాన్ దాటాక మీ గీత (చార్టు మీద గీసుకున్న దారి) ఛాగోస్ దీవుల సముద్ర పరిధిలోంచి పోతుంది. 2010 నుంచి అక్కడ చేపలవేట పూర్తిగా నిషేధం, వెనక వదిలిన గాలపు తాడు కూడా లాగేయండి. ముందస్తు పర్మిట్ లేకుండా ఆ దీవుల్లో ఆగకూడదు. రెండోది మారిషస్‌కి చెందిన అగలెగా దీవులు. 2024 ఫిబ్రవరి 29న మన దేశం సాయంతో కట్టిన జెట్టీ, రన్‌వే ప్రారంభమయ్యాయి కాబట్టి ఆగొచ్చేమోనని కొందరికి అనిపిస్తుంది. అది ప్రవేశ రేవు కాదు. మూడోది కార్గాడోస్ కరాజోస్ పగడపు దిబ్బలు, వాటినే సెయింట్ బ్రాండన్ అంటారు. మీ గీతకి పడమటగా 50 మైళ్ల దూరంలో ఉంటుంది. మారిషస్‌దే అయినా క్లియరెన్స్ కాకముందు ఆగడానికి లేదు. 2014 నవంబరు 29న వోల్వో ఓషన్ రేసులో వెస్టాస్ విండ్ పడవ ఈ దిబ్బల మీదికే ఎక్కేసింది. ఎలక్ట్రానిక్ చార్టుని దూరం నుంచి చూస్తే ఆ దిబ్బలు సరిగ్గా కనిపించవు. గీత గీసుకునేటప్పుడు పూర్తిగా దగ్గరికి జూమ్ చేసి మొత్తం దారి వెంట నడిపి చూడండి, కాగితపు చార్టు కూడా ఉంచుకోండి.

శాటిలైట్ ఫోను మాట ఎవరూ ఎత్తలేదు. ఇరిడియం, థురయా ఫోన్లు అనుమతి లేకుండా మన దేశంలో ఉంచుకోవడమే నేరం. చేతిలో పట్టే శాటిలైట్ మెసెంజర్లు కూడా ఆ కోవే. కాకినాడ తనిఖీలో బయటపడితే ప్రయాణం అక్కడే ఆగుతుంది. టెలికాం శాఖ అనుమతి కాగితం ముందే తెచ్చుకోండి. ఈపర్బ్ (ప్రమాదంలో శాటిలైట్‌కి సంకేతం పంపే పరికరం) మాత్రం తప్పకుండా ఉండాలి, మన దేశంలోనే నమోదై ఉండాలి.

యానాం_రేవు
ధన్యవాదాలు సరంగు గారూ. ఆఖరి ప్రశ్న. పోర్ట్ లూయీ చేరాక ఇద్దరు విమానంలో వెనక్కి వచ్చేస్తారు, ఇంకొకరు ఇక్కణ్ణుంచి వచ్చి ఎక్కుతారు. దీనికేం చేయాలి? చేరే రోజుని బట్టి ఫీజు మారుతుందా?

పోర్టాఫీసు_వీధి
మారుతుందండి. ఆఫీసు వేళలు దాటాక, శనాదివారాలు, సెలవుల్లో వచ్చి తనిఖీ చేస్తే ఓవర్‌టైమ్ రుసుం పడుతుంది. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు. మహాశివరాత్రి, వినాయక చవితి, దీపావళి కూడా సెలవులే. ఒకప్పుడు మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్లు అక్కడ ఉగాదిని నిలబెట్టుకున్నారు, అది చదివినప్పుడల్లా మనసుకి సంతోషంగా ఉంటుంది. మీరు మే, జూన్‌లలో చేరతారు కాబట్టి మే 1 ఒక్కటి చూసుకోండి. ఆదివారం రాత్రికి చేరేలా ఉంటే తెరచాప తగ్గించి సోమవారం తెల్లారేసరికి రేవు ముందుండేలా నడపండి. లోపల కంటైనర్ ఓడల రాకపోకలు ఎక్కువ, చీకట్లో వెళ్లడం ఎలాగూ మంచిది కాదు.

దిగిపోయేవాళ్లు: సిబ్బంది జాబితాలో పేరున్నంతకాలం ఆ మనిషి బాధ్యత కెప్టెన్‌దే. విమానం టికెట్ చూపించి, ఇమ్మిగ్రేషన్‌లో వాళ్ల పేరు జాబితాలోంచి తీయించి, మార్చిన జాబితా మీద ముద్ర వేయించుకోండి. ఈ పని చేయకుండా వాళ్లు ఎగిరిపోతే, మీరు బయటికి క్లియరెన్స్ అడిగిన రోజున ఇద్దరు మనుషులు తక్కువ లెక్క తేలుతుంది.

ఎక్కేవాళ్లు: భారత పాస్‌పోర్టుకి మారిషస్ వీసా ముందుగా అక్కర్లేదు, కానీ తిరుగు టికెట్ లేకపోతే ఇక్కడ విమానాశ్రయంలోనే ఎయిర్‌లైన్ వాళ్లు ఆపేస్తారు. కెప్టెన్ సంతకం, పడవ స్టాంపు ఉన్న లేఖ, రిజిస్ట్రేషన్ కాపీ, ఆ మనిషి పేరు చేర్చిన సిబ్బంది జాబితా, పడవ మారిషస్‌లో ఉందని చూపే ఎంట్రీ కాగితం - ఈ నాలుగూ ప్రింటు తీసి చేతిలో పెట్టండి. అంతకన్నా భద్రం, డబ్బు వెనక్కొచ్చే తిరుగు టికెట్ ఒకటి తీసుకోవడం.

కోరంగి_లంగరు
ఇంకొక్క మాట. క్లియరెన్స్ అయ్యాక గ్రాండ్ బే వెళ్లాలన్నా కోస్ట్ గార్డ్‌కి చెప్పి, అనుమతి తీసుకునే కదలాలి. పడవకి ఎన్నాళ్లు ఇచ్చారో కస్టమ్స్ కాగితం మీద తేదీ ఉంటుంది. మనుషుల పాస్‌పోర్టు ముద్రలో తేదీ వేరే. రెండూ ఒకటే అనుకోవద్దు, ఏది ముందైతే దానికి వారం ముందే పొడిగింపుకి పెట్టుకోండి. వెళ్లేటప్పుడు మళ్లీ పోర్ట్ లూయీకే వచ్చి, సీల్ వేసిన అర చూపించి, తర్వాతి రేవు పేరుతో క్లియరెన్స్ తీసుకుని, ముద్రలు పడ్డాక ఎక్కడా ఆగకుండా బయటికి పోవాలి. విడిభాగాలు తెప్పించుకోవాల్సి వస్తే పార్శిల్ మీద పడవ పేరు, "ప్రయాణంలో ఉన్న యాట్ కోసం" అన్న మాట, రిజిస్ట్రేషన్ నంబరు రాయించండి. ముందే కస్టమ్స్‌తో మాట్లాడకుండా మామూలు కొరియర్‌లో తెప్పిస్తే సుంకం కట్టాకే చేతికిస్తారు.

యానాం_రేవు
రాసుకున్నానండి. కుక్క ఇంట్లోనే ఉంటుంది. గాన్ మానేసి గాలే నుంచి నేరుగా వెళ్దామని అనుకుంటున్నాం. కాబట్టి గాలే క్లియరెన్స్ మీద పోర్ట్ లూయీ అనే రాయిస్తాం.

తాళ్లరేవు_సరంగు
అలాగైతే నీళ్ల లెక్క మార్చండి. 2,070 మైళ్లకి 18 రోజులు పడుతుంది, నిల్వ 26 రోజులకి ఉండాలి. అంటే 520 లీటర్లు. వంటగ్యాస్ కూడా అదే లెక్కన ఒక సిలిండరు అదనం. ఇంకా, గాలేలో మే మొదటి వారందాకా ఆగాల్సొస్తుంది, ఈటీఏ గడువు ముందే చూసుకోండి. ఏప్రిల్ తర్వాత అక్కడ నైరుతి కెరటం లోపలికి తోస్తుంది, పడవకి నాలుగు వైపులా తాళ్లు కట్టుకోండి.